కరకట్ట మీద కాల్పులకు చప్పట్లు కొట్టవచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
శుక్రవారం విడుదలైన కొత్త నేరకథా చిత్రాన్ని నిన్న విజయవాడ గాంధీనగర్‌లో మొదటి ఆటకు చూశాను. పాప హత్య కేసులో ఆటోనగర్ లారీ క్లీనరును పట్టుకొచ్చి, స్టేషన్లో చావగొట్టి ఒప్పించి, చివరకు ఇన్‌స్పెక్టరు కృష్ణ కరకట్ట మీద అతణ్ణి కాల్చి చంపుతాడు. తుపాకీ పేలగానే హాలంతా ఈలలతో మోగిపోయింది. నా మనసు మాత్రం కలుక్కుమంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే 25వ సెక్షన్లో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న కొత్త చట్టం కూడా 23వ సెక్షన్లో ఆ నియమాన్ని కొనసాగించింది. దెబ్బలకు తాళలేని మనిషి దేనికైనా తల ఊపుతాడు కదా.

మన ప్రాంతంలో ఇది ఊహ కూడా కాదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. నేరం అతనిది కాదని ఆమె తల్లిదండ్రులే మొత్తుకున్నా, 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసేనాటికి ఎనిమిదేళ్లు జైల్లోనే గడిచిపోయాయి. అతణ్ణి ఆనాడే ఏ కరకట్ట మీదో కాల్చి ఉంటే, అతడు నిర్దోషి అన్న సంగతి మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

పటమట, విజయవాడ:
మీరు చెప్పిన కేసే నేను చప్పట్లు కొట్టడానికి కారణమండీ. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది, కానీ ఆ తల్లి కడుపుకోతకు కారకుడైనవాడికి శిక్ష పడిందా? మా మేనత్త కొడుకు మీద కత్తితో దాడి జరిగి తొమ్మిదేళ్లయింది. వాయిదా వాయిదాకూ పనులు మానుకొని కోర్టు వరండాలో నిలబడుతున్నాం; ఉన్న ఇద్దరు సాక్షుల్లో ఒకాయన కాలం చేశారు. అలాంటివాళ్లకు ఆ తుపాకీ చప్పుడు రెండున్నర గంటల ఊరట. దాన్ని తప్పుపట్టే ముందు మా వరండాలో ఒక్కరోజు నిలబడి చూడండి.

గవర్నర్‌పేట, విజయవాడ:
ఇద్దరూ దర్శకుడు ఇన్‌స్పెక్టరు పక్షమే అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. స్టేషన్ సన్నివేశంలో కానిస్టేబులు పంచనామా రాస్తూ, టీ తెచ్చిన కుర్రాడిని పిలిచి, కాగితం చదవనివ్వకుండానే సంతకం పెట్టిస్తాడు. కుర్రాడు తడిచేతిని లాగుకు తుడుచుకొని పెడతాడు, సిరా అలుక్కుపోతుంది. కథంతా ఆ మరకలోనే ఉంది. ఇక శవాగారం దగ్గర క్లీనరు తల్లి ఏదో అంటుంది. ఈలల్లో మొదటిసారి వినబడక, మర్నాడు మళ్లీ వెళ్లి విన్నాను. "మావాడికి కుడిచెయ్యి పైకి లేవదు బాబూ" అంటుంది. పాప గొంతు మీద పడినవి రెండు చేతుల గుర్తులని చిత్రం మొదట్లోనే డాక్టరు చెబుతాడు.

పటమట, విజయవాడ:
ఆ మాట నాకు వినబడలేదు. నా పక్కవాళ్లకూ వినబడి ఉండదు. విని ఉంటే ఆ చప్పట్లు కొట్టేదాన్ని కాదు. మా వాయిదాల బాధ మాత్రం అలాగే ఉంది.

బ్రాడీపేట, గుంటూరు:
మీ బాధను నేను కాదనడం లేదండీ. తొమ్మిదేళ్ల జాప్యం అన్యాయమే, దానికి కావలసింది జడ్జీలు, కోర్టు హాళ్లు, సాక్షులకు రక్షణ. గవర్నర్‌పేట మిత్రులను ఒకటి అడుగుతాను. ఆ మాట ప్రేక్షకుడికి చేరాలని దర్శకుడు నిజంగా కోరుకుంటే, తల్లి నోరు తెరిచిన క్షణంలోనే డప్పుల హోరును ఎందుకు పెంచినట్లు? కాల్పుల తరువాత అర నిమిషం నిశ్శబ్దం ఉంచి ఉంటే, గాంధీనగర్ హాల్లో ఈల వేసిన ప్రతి ఒక్కరూ ఆ తల్లి మాట వినేవారు.