ఏడవవలసిన చోట ఏడుపు రావడం లేదు: సన్నివేశ ప్రదర్శనకు ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న

నేను నటనలో శిక్షణ పొందుతున్న మొదటి సంవత్సరం విద్యార్థినిని. ఇంకో పదిహేను రోజుల్లో, సుమారు ఎనిమిది నిమిషాల నిడివి ఉన్న ఇద్దరు పాత్రధారుల సన్నివేశాన్ని తరగతి ముందు ప్రదర్శించవలసి ఉంది. ఆరేళ్ల తరువాత ఇంటికి వచ్చిన అక్క పాత్ర నాది. ఆ ఆరేళ్లూ మంచం పట్టిన తల్లిని ఒక్కడే కనిపెట్టుకుని ఉన్న తమ్ముడి పాత్ర నా సహవిద్యార్థిది. తల్లి పోయిన తరువాత ఆమె వస్తువులు సర్దుతూ ఇద్దరూ మాట్లాడుకుంటారు. చివర్లో అక్క, "అమ్మ నన్ను ఒక్కసారైనా అడిగిందా?" అంటుంది. తమ్ముడు, "చివరి నెలంతా నన్ను నీ పేరుతోనే పిలిచింది" అంటాడు. ఆ మాట విని అక్క కూలబడి ఏడుస్తుందని రచనలో ఉంది.

ఆ ఏడుపు కోసం, నిరుడు పోయిన మా అమ్మమ్మను గుర్తు చేసుకున్నాను. మొదటి రెండు రిహార్సళ్లలో కన్నీళ్లు వాటంతట అవే వచ్చాయి, కానీ ఆ రాత్రుళ్లు నాకు నిద్ర పట్టలేదు. మూడోసారి ఎంత తలచుకున్నా కళ్లు తడి కాలేదు. నాలుగోసారి ఆ తలపులో పడిపోయి తమ్ముడి మాటే వినలేదు, నా డైలాగ్ తప్పిపోయింది. ఇది కాక, మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. వెనుక వరుసలో కూర్చున్నవారికి నా వాక్యాల చివరలు వినిపించడం లేదని మా గురువుగారు కూడా అన్నారు. ఒకరు ఒక పద్ధతి మంచిదంటే, ఇంకొకరు మరొకటి అంటున్నారు. ఉన్న పదిహేను రోజుల్లో నేను దేని మీద పని చేయాలో దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

చాలాకాలంగా నటన నేర్పే పనిలో ఉన్నాను కనుక కొంత వివరంగా రాస్తున్నాను. మీకు జరిగినదాంట్లో మీ లోపం ఏమీ లేదు, మీరు పట్టుకున్న పద్ధతి స్వభావమే అంత. సొంత జీవితంలోని దుఃఖాన్ని తవ్వి తీసి పాత్రకు వాడుకోవడాన్ని భావస్మృతి అంటారు. ఈ ఆలోచనను రష్యన్ నటుడు, దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో రచనల నుంచి తీసుకున్నాడు. తరువాత అమెరికాలో లీ స్ట్రాస్‌బర్గ్ దానినే తన బోధనకు గుండెకాయగా చేసుకున్నాడు. దానిని అంతగా నమ్మిన స్ట్రాస్‌బర్గ్ కూడా, నటుడు వాడుకునే జ్ఞాపకం కనీసం ఏడేళ్ల నాటిదై ఉండాలని చెప్పేవాడు. పచ్చిగా ఉన్న గాయం మన చెప్పుచేతల్లో ఉండదు. మీ అమ్మమ్మగారు పోయి ఏడాదే అయింది. ఆ జ్ఞాపకాన్ని ఈ సన్నివేశంలోకి ఇక తీసుకురావద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

1931లో న్యూయార్క్‌లో మొదలైన గ్రూప్ థియేటర్ అనే నాటక బృందంలోని నటుల మధ్య సరిగ్గా ఈ విషయం మీదే పెద్ద వాదం నడిచింది. వారిలో ఒకరైన స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్‌లో స్తానిస్లావ్‌స్కీని కలుసుకుని, కొన్ని వారాలపాటు ఆయన దగ్గర పనిచేసి వచ్చి, సొంత జ్ఞాపకం కంటే రచయిత ఇచ్చిన పరిస్థితుల మీద, మన ఊహాశక్తి మీద, పాత్ర చేసే పని మీద ఎక్కువగా ఆధారపడాలని తోటివారికి చెప్పింది. స్ట్రాస్‌బర్గ్ దానికి ఒప్పుకోలేదు. స్తానిస్లావ్‌స్కీ మాత్రం 1938లో మరణించే ముందు సంవత్సరాల్లో శారీరక చర్యల మీదే ఎక్కువ దృష్టి పెట్టాడు. భావాన్ని నేరుగా రమ్మంటే రాదు, చేసే పని మీద మనసు నిలిపితే దాని వెనకే వస్తుందన్నది ఆ మార్గం. నేను కూడా విద్యార్థులను ఆ మార్గంలోనే నడిపిస్తాను.

కాబట్టి మీరు వేసుకోవలసిన ప్రశ్న "అక్క ఎంత బాధలో ఉంది?" అన్నది కాదు, "అక్కకు తమ్ముడి నుంచి ఏం కావాలి?" అన్నది. బాధను నటించడానికి కుదరదు. ఒకరి నుంచి ఏదైనా రాబట్టుకోవడానికి చేసే ప్రయత్నాన్ని నటించవచ్చు. మీరు చెప్పిన నాలుగు ముక్కలను బట్టి నాకు తోచినది ఇది. "అమ్మ నన్ను ఒక్కసారైనా అడిగిందా?" అన్నప్పుడు అక్క "అడగలేదు" అన్న జవాబునే కోరుకుంటోంది. తల్లి తనను మరిచిపోయి ఉంటే, ఆరేళ్లు రాకపోయిన తప్పు కాస్త తేలికవుతుంది. తమ్ముడి జవాబు ఆ ఒక్క ఆధారాన్నీ లాగేస్తుంది. ఈ లెక్కన మీరు ఎనిమిది నిమిషాలూ ఏడుపు వైపు కాక, "అడగలేదు" అన్న మాట వైపు నడవాలి. అప్పుడే ఆ దెబ్బ ఊహించని వైపు నుంచి తగులుతుంది.

సన్నివేశాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ప్రతి భాగం పక్కన ఒక క్రియాపదం రాసుకోండి: మచ్చిక చేసుకుంటుంది, మాట మారుస్తుంది, సమర్థించుకుంటుంది, నిలదీస్తుంది, బతిమాలుతుంది. "దిగులుగా", "కోపంగా" వంటి మాటలు రాసుకోవద్దు. అవి ముఖంలో ఒక భంగిమను తెచ్చిపెడతాయే గాని, ఎదుటివారిని కదిలించే పనిని మీ చేతికివ్వవు.

నాలుగోసారి మీరు తమ్ముడి మాట వినలేదన్నదే అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. దీనికి అమెరికన్ నటనా గురువు శాన్‌ఫర్డ్ మైస్నర్ రూపొందించిన పునరుక్తి అభ్యాసం బాగా పనికివస్తుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోండి. ఒకరు ఎదుటివారిలో కనిపించినదాన్ని "నువ్వు నేలకేసి చూస్తున్నావు" అని చెబితే, రెండోవారు "నేను నేలకేసి చూస్తున్నాను" అని తిరిగి చెప్పాలి. కొత్తది ఏదైనా కంటపడేదాకా మాట మార్చకూడదు. మొదట్లో చిలకపలుకుల్లా ఉంటుంది. కాసేపటికి మాట అదే అయినా గొంతు మారుతుంది, ఆ మార్పు ఎదుటివారి వల్ల వచ్చిందని మీకే తెలుస్తుంది. రోజూ రిహార్సల్‌కు ముందు పది నిమిషాలు దీనికి కేటాయించండి.

రెండో జవాబు

చేతుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ ఇబ్బందితో నేను చాలా కాలం బాధపడ్డాను. చేతులకు నిజమైన పని లేకపోవడం వల్లే అవి బరువుగా తోస్తాయి. మీ సన్నివేశంలో వస్తువులు సర్దడం ఉంది కనుక, తల్లి కప్పుకున్న దుప్పటి ఒకటి తీసుకుని దాన్ని నిజంగా, శ్రద్ధగా మడవండి. కొసకు కొస కలపాలి, ముడతలు అరచేత్తో సాపు చేయాలి, అంచులు సమానంగా రాకపోతే విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. అది ప్రేక్షకులకు చూపించడానికి కాదు, అంచులు నిజంగా కలిసేదాకా వదలని పనిగా చేయాలి. తమ్ముడు ఆ మాట అన్నప్పుడు దుప్పటి సగం మడతలో ఉండేటట్లు చూసుకోండి. రెండు కొసలూ మీ రెండు చేతుల్లో, గాలిలో ఆగిపోతాయి. వాటిని కలపాలా, వదిలేయాలా తెలియని ఆ రెండు క్షణాల్లో మీరు ముఖంతో ఏమీ చేయనక్కర లేదు.

ఒక్క జాగ్రత్త ఉంది. ప్రదర్శన నాడు వాడబోయే దుప్పటితోనే ఇవాళ్టి నుంచీ అభ్యాసం చేయండి. నేను ఒకసారి రిహార్సళ్లన్నీ ఖాళీ పెట్టెతో చేసి, ప్రదర్శన రోజున నిండు పెట్టె ఎత్తవలసి వచ్చేసరికి దాని బరువుకు ఊపిరి తప్పి మొదటి డైలాగే తడబడ్డాను.

మూడో జవాబు

పైవారు చెప్పినవాటితో ఏకీభవిస్తూ రెండు విషయాలు చేరుస్తున్నాను.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునో కాదో, ప్రశ్నో జవాబో తేలేది అక్కడే. "నేను రాలేకపోయాను" అన్నదానికీ "నేను రాలేదు" అన్నదానికీ ఉన్న తేడా అంతా చివరి మాటలోనే ఉంది, అక్క పాత్రకు ఆ తేడాయే ప్రాణం. కొత్త నటులకు ఊపిరి అయిపోయేది కూడా సరిగ్గా అక్కడే. అందువల్ల మీ గురువుగారు చెప్పినది గొంతు పెంచమని కాదనుకుంటాను. ప్రతి వాక్యాన్నీ ముందు చివరి మాట ఒక్కటే పలికి, తరువాత చివరి రెండు మాటలు, ఆపైన మొత్తం వాక్యం పలకండి. ఊపిరిని క్రియ దాకా ఎలా మిగుల్చుకోవాలో వారం రోజుల్లో అలవాటవుతుంది. "అడిగిందా" అన్నదాంట్లో చివరి దీర్ఘం వెనుక వరుస దాకా చేరకపోతే, అక్క అడిగింది ప్రశ్న అనే సంగతే అక్కడివారికి తెలియదు.

రెండోది కన్నీటి విషయం. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పింది. సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం (నిలిచిపోవడం), స్వేదం (చెమట), రోమాంచం (గగుర్పాటు), స్వరభంగం (గొంతు మారడం), వేపథువు (వణుకు), వైవర్ణ్యం (ముఖం రంగు మారడం), అశ్రువు (కన్నీరు), ప్రళయం (స్పృహ తప్పడం). ఇవి ఏకాగ్రమైన మనసు నుంచి పుట్టేవని ఆ గ్రంథమే అంటుంది. ఎనిమిదింటిలో కన్నీరు ఒకటి మాత్రమే అన్నది గమనించండి. కదలలేక నిలిచిపోవడం, గొంతు పూడుకుపోవడం, వణకడం కూడా దుఃఖం పలికే తీరులే. రచయిత "ఏడుస్తుంది" అని ఒక్క మాటలో రాసినదానికి మీ శరీరం ఏ దారి ఎంచుకుంటుందో ముందుగా నిర్ణయించకండి. నిజ జీవితంలో మనిషి ఏడవడానికి ప్రయత్నించడు, ఏడవకుండా ఉండటానికే ప్రయత్నిస్తాడు. మీరు ఆ ప్రయత్నం చేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ఐదు రోజులుగా మీరు చెప్పినట్లు చేస్తున్నాను. అమ్మమ్మ జ్ఞాపకాన్ని పక్కన పెట్టేశాను, రాత్రుళ్లు నిద్ర పడుతోంది. "అడగలేదు" అన్న జవాబు కోసం ఆశపడుతూ ఆ ప్రశ్న అడిగినప్పుడు, తమ్ముడి కళ్లలోకి నేరుగా చూడలేకపోయాను. అలా చేయాలని అనుకున్నది కాదు, దానంతట అదే జరిగింది. నిన్న దుప్పటి సగం మడతలో ఉండగా చేతులు ఆగిపోయాయి, కళ్లలో నీళ్లు రాలేదు, గొంతు మాత్రం పూర్తిగా పోయింది. చూస్తున్న సహవిద్యార్థులు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇవాళ మాత్రం, తమ్ముడి మాటకు కాక, అంతకు చాలా ముందే, తల్లి కళ్లద్దాలు చేతికి తగిలినప్పుడు కన్నీళ్లు వచ్చేశాయి. ప్రదర్శన నాడు ఏ చోట రావాలో ఖాయం చేసుకోవాలా?

మొదటి జవాబు రాసినవారు

ఖాయం చేసుకోవద్దు. మీరు ఎక్కడ నిలబడతారు, దుప్పటి ఎప్పుడు చేతికి తీసుకుంటారు, ఏ మాట దగ్గర ఆగుతారు అన్నవి ఖాయం చేసుకోండి, ఎందుకంటే మీ తోటి నటుడు వాటి మీద ఆధారపడతాడు. కన్నీళ్లు ముందే వస్తే, తమ్ముడికి కనబడకుండా తుడుచుకుని సర్దే పనిలో పడండి. ఆ అక్క కూడా అదే చేస్తుంది. రాకపోతే వాటి కోసం ఆగకండి, తమ్ముడి మాట వినండి. చివరి రెండు రోజులు సన్నివేశాన్ని పూర్తిస్థాయిలో పదే పదే వేయకుండా, కూర్చుని మెల్లగా డైలాగులు చెప్పుకోవడంతో సరిపెట్టండి. ప్రదర్శనకు ముందు మాత్రం ఆ పది నిమిషాల పునరుక్తి మానకండి.