హుస్సేన్‌సాగర్ సెయిలింగ్ వీక్ ఆఖరి రోజు: ఎక్కడ నిలబడాలి, ఎవరు గెలుస్తున్నారో ఎలా తెలుస్తుంది?

రాణీగంజ్ బాబాయ్:
ఈసారి సెయిలింగ్ వీక్ ఆఖరి రోజుకి పిల్లల్ని తీసుకుని వెళ్దామనుకుంటున్నాం. ట్యాంక్‌బండ్ మీద జనానికేం కొదవ ఉండదు. కానీ పడవలన్నీ ఒకే అచ్చు, అన్నీ తెల్ల తెరచాపలే. ఎవరు ముందో ఎవరు వెనకో గట్టు మీద ఒక్కరికీ తెలీదు. తెలిసినవాళ్లు మూడు సంగతులు చెప్పండి. ఎక్కడ నిలబడితే బాగా కనబడుతుంది? ఆ కూతలు, జెండాలు ఏమిటి? చివరి రేసులో మొదట వచ్చినవాడు పక్కన చప్పట్లు కొడుతుంటే ఎక్కడో వెనక వచ్చినవాడు కప్పు ఎలా ఎత్తుతాడు?

గట్టుగాలి:
ముందు గాలి ఎటుందో చూసుకోండి, ఆ తర్వాతే చోటు. ఈ పోటీ జూలై ప్రాంతంలో పెట్టేదే వానకాలపు గాలి కోసం. ఆ రోజుల్లో ఇక్కడ గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. అంటే నెక్లెస్ రోడ్ గాలికి ఎగువ, ట్యాంక్‌బండ్ దిగువ. ఏ పడవా గాలికి ఎదురుగా సూటిగా పోలేదు. దాదాపు 45 డిగ్రీల వాలులో కాసేపు ఇటు, కాసేపు అటు తిప్పుకుంటూ ఎక్కాలి. అసలు పోటీ అంతా ఆ ఎక్కుడులోనే ఉంటుంది. అందుకే స్టార్ట్ లైన్ దిగువన, మొదటి బోయ (పడవలు చుట్టి రావాల్సిన, నీటి మీద తేలే గుర్తు) ఎగువన వేస్తారు.

ట్యాంక్‌బండ్ రోడ్డు నీటి మీద బాగా ఎత్తుగా ఉంటుంది కాబట్టి పడవల మధ్య ఖాళీ కనబడుతుంది. నీటిమట్టంలో నిలబడితే నలభై తెరచాపలు ఒకదానికొకటి అతుక్కుపోయి గోడలా కనిపిస్తాయి. పైగా స్టార్టూ కింది బోయా మీకు దగ్గర. చిక్కల్లా మధ్యాహ్నం దాటాక ఎండ ఎదురుగా వచ్చి నీళ్లు అద్దంలా మెరవడం. పొద్దున ఎండ వీపు మీద ఉంటుంది, హాయి. మధ్యాహ్నం ఉంటారంటే పోలరైజ్డ్ కళ్లజోడు తప్పనిసరి, మామూలు నల్లద్దాలు పనికిరావు.

నెక్లెస్ రోడ్ వైపు నిలబడితే పై బోయ దగ్గరపడుతుంది. చెట్లు, భవనాలు దాటి వచ్చే గాలి ఆ ఒడ్డున ముక్కలు ముక్కలుగా పడుతుంది. ఒక పడవకి గట్టి విసురు తగిలి వాలిపోతుంటే యాభై మీటర్ల అవతల ఇంకోటి తెరచాప వేలాడేసుకుని నిలబడి ఉంటుంది. స్థానాలు తారుమారయ్యేది అక్కడే. సరదా కోసం వెళ్తే ట్యాంక్‌బండ్, ఆట చూడాలంటే నెక్లెస్ రోడ్ అని నా ఓటు.

బైనాక్యులర్స్ 7×50 గానీ 8×42 గానీ చాలు. పది రెట్లు దాటితే చేతి వణుకే ఎక్కువ కనబడుతుంది.

ఒక్క హెచ్చరిక. నీటి మీద రెండు మూడు క్లాసులు, అంటే పడవ రకాలు, ఒకేసారి ఉంటాయి. మనవాళ్లు ఇప్పటికీ లేజర్ అనే పడవకి 2019 నుంచి ఇల్కా అని పేరు మారింది. ఒకే 4.2 మీటర్ల పడవ మీద మూడు సైజుల తెరచాపలు ఎక్కుతాయి. ఇల్కా 7కి 7 చదరపు మీటర్ల పైచిలుకు, ఇల్కా 6కి 5.7, ఇల్కా 4కి 4.7. మొద్దుముక్కు డబ్బాలాంటి 2.3 మీటర్ల చిన్నవి ఆప్టిమిస్టులు, పదిహేనేళ్ల లోపు పిల్లలవి. క్లాసుకొక స్టార్ట్. మీకు ముందుగా కనబడ్డ పడవ తన క్లాసులో ఆఖరిదై ఉండొచ్చు. పొద్దున్నే నోటీసు బోర్డులో మొదటి ఐదుగురి తెరచాప నంబర్లు రాసుకుని జేబులో పెట్టుకోండి. అవి లేకుండా చూడడం స్కోరుబోర్డు లేని క్రికెట్ లాంటిదే.

జెండాకర్ర:
రెండో ప్రశ్న నాకు వదలండి. నారింజ జెండా ఉన్న కమిటీ బోటు, అంటే పోటీ నడిపేవాళ్ల పడవ, ఒక చివర, బోయ ఇంకో చివర. ఆ రెండింటి మధ్య ఊహాగీత స్టార్ట్ లైన్. ఐదు నిమిషాల ముందు క్లాసు జెండా లేస్తుంది, ఒక కూత. నాలుగు నిమిషాలప్పుడు రెండో జెండా లేస్తుంది, ఇంకో కూత. ఒక నిమిషం ఉందనగా ఆ రెండోది దిగుతుంది, పొడుగు కూత. సున్నాకి క్లాసు జెండా దిగుతుంది, పోటీ మొదలు.

కూతని నమ్ముకోకండి, లెక్క జెండాదే. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది. మీరు 700 మీటర్ల అవతలుంటే కూత రెండు సెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. గట్టు మీద "వాడు ముందే వెళ్లిపోయాడు" అన్న గొడవ కొంత ఇందువల్లే.

ఆ రెండో జెండా ఏదన్నది ఆఖరి రోజు మరీ ముఖ్యం. నీలం మధ్యలో తెల్ల చతురస్రం ఉంటే మామూలు స్టార్ట్, తొందరపడ్డవాడు వెనక్కొచ్చి మళ్లీ దాటొచ్చు. నల్ల జెండా ఎగిరితే మాత్రం చివరి నిమిషంలో గీతకీ మొదటి బోయకీ మధ్య త్రికోణంలో దొరికినవాడు ఆ రేసుకి ఔట్. స్టార్ట్ రద్దుచేసి మళ్లీ పెట్టినా అతనికి చోటు లేదు. ఆఖరి రోజున అందరూ గీత మీదికి తోసుకొస్తారు గనక దాన్ని బయటికి తీసే అవకాశం ఎక్కువ.

స్టార్ట్ అయిన వెంటనే తెలుపు మీద నీలం శిలువ జెండా, ఒక కూత వచ్చాయంటే ఒకరిద్దరు ముందే దాటారని. నీలం మీద పసుపు త్రికోణం, రెండు కూతలయితే అందరూ వెనక్కి రావాలి. ఎరుపు తెలుపు నిలువు చారలది వాయిదా. అది దిగిన నిమిషానికి మళ్లీ ఐదు నిమిషాల లెక్క మొదలవుతుంది, కాబట్టి ఆ సమయంలో మొక్కజొన్న పొత్తు కోసం దూరం పోకండి. ముగింపు దగ్గర నీలం జెండా.

ఆఖరి రోజు ఫలానా గంట దాటాక కొత్త రేసు మొదలుపెట్టకూడదని సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్లలో రాసి ఉంటుంది. గాలి లేక ఆ గంట దాటిందంటే, ఒక్క పడవ కదలకుండానే నిన్నటి పట్టికే ఫలితం. వెళ్లేముందు ఆ గంట ఎంతో కనుక్కోండి.

రాణీగంజ్ బాబాయ్:
ఇద్దరికీ దండాలు. ఇంకో అనుమానం. పట్టికలో మొదట ఉన్నవాడు ఒక్కోసారి ముందుకు పోకుండా రెండోవాడి చుట్టూ తిరుగుతూ ఇద్దరూ వెనకబడుతుంటారు. అది తొండి కాదా?

పాయింట్ల పంతులు:
తొండి కాదండీ, లెక్క. ఫస్టుకి 1, సెకండుకి 2, అలా ఎంతో స్థానమైతే అన్ని పాయింట్లు. తక్కువ ఉన్నవాడు విజేత. పూర్తిచెయ్యకపోయినా, నల్ల జెండాకి దొరికినా మొత్తం పడవల సంఖ్యకి ఒకటి కలిపి వేస్తారు. అన్నిట్లోకీ చెత్త రేసు ఒకటి కొట్టేస్తారు.

అంకెలతో చూడండి. 32 పడవలు, ఎనిమిది రేసులయ్యాయి, తొమ్మిదోది ఆఖరిది. రాముడి పాయింట్లు 1, 3, 2, 1, 5, 2, 4, 9. తొమ్మిది కొట్టేస్తే 18. భీముడివి 2, 1, 4, 3, 14, 1, 6, 3. పద్నాలుగు కొట్టేస్తే 20. ఇప్పుడు రాముడికి రేసు గెలవాల్సిన పనేముంది? భీముడు తనకన్నా రెండు స్థానాలు ముందు రాకుండా చూసుకుంటే చాలు. ఇద్దరూ ఇరవయ్యో స్థానానికి జారినా రాముడు ఆ ఇరవై కొట్టేసి పాత 9 కలుపుకుంటాడు, మొత్తం 27. భీముడికి పాత 14 తగిలి 34. వెనకబడేకొద్దీ రాముడికే లాభం. కొట్టేసిన పాత రేసులు కూడా కలిపి చూసినా తన మొత్తం ఎదుటివాడికన్నా తక్కువైనప్పుడే ఈ ఎత్తు పారుతుంది.

కానీ మూడోవాణ్ణి మరిచిపోతే కొంప మునుగుతుంది. సోముడు 24 మీద ఉన్నాడనుకోండి. వీళ్లిద్దరూ కొట్టుకుంటుంటే అతను ఫస్టు వచ్చి 25తో కప్పు పట్టుకెళ్తాడు. ఆఖరి పొద్దున రాముడు మొట్టమొదట చూడాల్సింది భీముడి అంకె కాదు, సోముడిది.

భీముణ్ణి రాముడు ఎలా అడ్డుతాడంటే, గాలికి ఎగువన సరిగ్గా భీముడి మీద కూర్చుంటాడు. తెరచాప వెనక గాలి చెదిరిపోయి మాస్టు (తెరచాప కట్టే నిలువు కర్ర) ఎత్తుకి నాలుగైదు రెట్ల దూరం దాకా పాడవుతుంది. లేజర్‌కి అది పాతిక ముప్పై మీటర్లు. ఆ గాలిలో పడ్డవాడి తెరచాప ముందంచు వణుకుతుంటుంది, పడవ బరువెక్కినట్టు ఆగిపోతుంది. తప్పించుకోవడానికి భీముడు ట్యాక్ చేస్తే, అంటే పడవని గాలికి రెండో పక్కకి తిప్పితే, రాముడూ చేస్తాడు. ఒక్కోసారి భీముడు చుక్కాని సగం తిప్పి, చేసేవాడిలా నటించి, మళ్లీ పాత దారిలోకి పడిపోతాడు. రాముడు మోసపోయి పూర్తిగా తిప్పేశాడా, విడిపోయారు. బైనాక్యులర్స్‌లో చూడాల్సింది ఆ చుక్కాని చెయ్యే.

2000 సిడ్నీ ఒలింపిక్స్ లేజర్ ఆఖరి రేసులో బ్రిటన్ సెయిలర్ బెన్ ఐన్‌స్లీ ఇలాగే బ్రెజిల్ సెయిలర్ రాబర్ట్ షైట్‌ని గుంపు వెనక్కి లాక్కెళ్లి బంగారం కొట్టాడు. 1996లో షైట్ చేతిలో తనకి జరిగినదానికి అది బదులు. అయితే దారిహక్కు నియమాలు తప్పకూడదు. పైగా ఆ పని తన స్థానం కోసమే చెయ్యాలి. స్నేహితుడి కోసం మూడో పడవ వచ్చి అడ్డితే అది నిజంగానే తొండి, జ్యూరీ ఊరుకోదు.

సాగర్ పోరడు:
జర ఒక ముచ్చట గట్టు మీదున్నోళ్లకు. ఈలలు, బూరలు ఊదకుండ్రి, నీళ్ల మీదున్నోళ్లకు అది కమిటీ కూత లెక్క ఇనబడ్తది. "ఎడమకు పో, గాలి అటుంది" అని పేరు పెట్టి ఒర్లుడు కూడా బయటి సాయం కిందికే వస్తది, మీ పిల్లగానికే దెబ్బ. ప్లాస్టిక్ కవర్లు అస్సలు పడెయ్యద్దు. ఒక్క కవర్ పోయి డ్యాగర్‌బోర్డుకు (పడవ కింద నీళ్లలకు దించే పలక) చుట్టుకున్నదంటే పడవ బ్రేకేసినట్లయితది. బోర్డు పైకి గుంజి, కవర్ ఊడినంక మళ్ల దించాలె, గంతసేపు పడవ పక్కకు జారుతనే ఉంటది. గుర్రపుడెక్క ముక్క చుక్కానికి తట్టుకున్నా గదే తిప్పలు. లుంబినీ పార్క్ నుంచి బుద్ధుని కాడికి పోయే బోట్ల అల కూడా గాలి తక్కువున్నప్పుడు చిన్న పడవను ఆపేస్తది.

పడవ ఉన్నకాడనే గిర్రున రెండు చుట్లు తిరిగిందంటే పిచ్చి లేసిందని నవ్వకుండ్రి. ఎవలికో అడ్డమొచ్చిండు, శిక్ష తీర్చుకుంటుండు. బోయకు తాకితే ఒక్క చుట్టే.

రాణీగంజ్ బాబాయ్:
పంతులుగారూ, మీ లెక్కలో భీముడు సరిగ్గా రెండు స్థానాలే ముందొస్తే? ఇద్దరూ సమానమవుతారు కదా.

పాయింట్ల పంతులు:
అవుతారు. అప్పుడు కొట్టేసినది వదిలి మిగతా అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి పక్కపక్కన పెడతారు, మొదటి తేడా దగ్గర ఎవరిది చిన్నదైతే వాళ్లు. భీముడు 1, రాముడు 3 అయితే ఇద్దరివీ 21. భీముడికి మూడు ఒకట్లు, రాముడికి రెండే, కాబట్టి భీముడు. 2, 4 అయితే ఇద్దరివీ 22. ఐదు అంకెల దాకా సమానంగా వెళ్లి ఆరోదాని దగ్గర భీముడికి 3, రాముడికి 4. మళ్లీ భీముడే. అదే 3, 5 అయితే 23కి 23. ఈసారి నాలుగో అంకె దగ్గరే రాముడికి 2, భీముడికి 3, కప్పు రాముడిది. ఆఖరి వరకూ తేడా రాకపోతే చివరి రేసులో ముందొచ్చినవాడు.

ఇంకోటి, ముగింపు గీత దగ్గర చప్పట్లు కొట్టి వెంటనే కార్ పార్కింగ్‌కి పరుగెత్తకండి. నిరసన, అంటే ఎవరో నియమం తప్పారన్న ఫిర్యాదు, దాఖలుకి గడువుంటుంది. అది దాటి, విచారణలేమైనా ఉంటే అవీ ముగిశాకే పట్టిక ఖాయమవుతుంది. బహుమతుల వేళకి పేర్లు మారిన సందర్భాలు ఈ ఆటలో కొత్తేం కాదు.