చైనా లిపిలో ‘కాఫీ’: సగం రాస్తే కూర అవుతుందా?

ప్రశ్న: మా తమ్ముడు కాఫీ షాపు పెడుతున్నాడు. లోగో చైనా అక్షరాల తరహాలో ఉండాలని వాడి పట్టు. కాఫీకి చైనా వాళ్ళు రాసే రెండు అక్షరాల్లో మొదటిదాన్ని డిజైనరు లోగోగా గీసి తెచ్చాడు. దానికి ‘నోటికి బలం చేర్చేది’ అని అర్థమట. వినడానికి బాగానే ఉంది. నిజమేనా అండీ?

జవాబు: ముక్కలు సరిగ్గానే విడదీశాడు, అర్థం మాత్రం అల్లేశాడు. ఆ అక్షరంలో ఎడమ పక్కనున్న చిన్న చదరం ‘నోరు’. కుడి పక్కది ‘చేర్చు’ అనే అక్షరం. దాన్నీ విడదీస్తే ‘బలం’, మళ్ళీ ఓ ‘నోరు’. ఇంతవరకూ సరే. రెండో అక్షరంలో నోటి పక్కన ఉన్నది ‘కాదు’. ఇదే లెక్కన దాన్ని ‘నోటికి పనికిరానిది’ అని చదవాలి! ఆ సంగతి మీ తమ్ముడికి చెప్పినట్టు లేదు.

ఆ కుడి పక్క ముక్కలు ఉన్నది పలుకు కోసమే. ‘కాదు’ అనే అక్షరాన్ని చైనా అధికార భాష మాండరిన్‌లో ‘ఫెయ్’ అంటారు, కాఫీని ‘ఖాఫెయ్’ అంటారు. ‘చేర్చు’ ఇప్పటి మాండరిన్‌లో ‘జ్యా’ అయినా, దక్షిణ చైనా వైపు మాట్లాడే కాంటనీస్‌లో ‘గా’యే. పక్కన నోరు పెట్టారంటే ‘అర్థం వెతక్కు, పలుకు మటుకు తీసుకో’ అని. బయటి మాటలు రాసుకోవడానికి వాళ్ళు తరచూ చేసే పనే ఇది.

ఇంకో చిక్కు. మొదటి అక్షరం ఒక్కటే బోర్డు మీద పెడితే అది కాఫీ అని తేలదు. కర్రీని వాళ్ళు ‘గాలీ’ అంటారు, అందులోనూ మొదట వచ్చేది ఇదే. పోనీ రెండోది పెడదామంటే అది మార్ఫిన్ మాట చివర కూడా వస్తుంది. రాస్తే రెండూ రాయించండి.

మరొకరు: జపాన్‌లో ఇదే మాటకి ఇంకా అందమైన జత ఉంది. నోరు తీసేసి ఆ చోట రత్నాన్ని సూచించే గుర్తు పెట్టారు. ఒకటి జడలో పెట్టుకునే నగ, రెండోది ముత్యాల సరం. డచ్ పుస్తకాలు చదివి రసాయన శాస్త్రాన్ని తన దేశానికి పరిచయం చేసిన ఉదగావా యోవాన్ (1798–1846) వీటిని ఎంచాడని చెబుతారు. అరకులో కొమ్మ పొడుగునా గుత్తులుగా ఎర్రబడ్డ కాఫీ పళ్ళు చూసినవాళ్ళకి ఆయన చూపు వెంటనే అర్థమవుతుంది. అక్కడ మామూలుగా బయటి మాటలు రాసుకునే కతకన లిపిలో రాసేస్తారు గానీ, పాతకాలపు కాఫీ కొట్ల బోర్డుల మీద ఈ జత ఇప్పటికీ కనిపిస్తుంది.

అడిగినవారు: అయితే ఆ గొడవే వద్దు. తెలుగు ‘కాఫీ’నే చైనా కుంచె గీతల్లా రాయిస్తే?

జవాబు: నన్నడిగితే వద్దంటాను. ఇంగ్లీషు అక్షరాల్ని మొనదేలిన కుంచె దెబ్బల్లా చూపించే ఫాంట్లు అమెరికాలో 19వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. చైనా హోటళ్ళ బోర్డుల మీద వాడీ వాడీ అవి అరిగిపోయాయి, చైనా మూలాలున్న చాలామందికి వెక్కిరింతలా తోస్తాయి. పైగా మన లిపి గుండ్రన, వాళ్ళ గీతల్లో గుండ్రం దాదాపు ఉండదు. ‘ఫ’ని కోణాలుగా విరిస్తే చదివేదెవరు?

తీసుకోవాల్సింది అమరిక. రెండు గీతలున్నా ఇరవై ఉన్నా, ప్రతి అక్షరం ఒకే కొలత చదరంలో సర్దుకుంటుంది. షూ బింగ్ అనే చైనా కళాకారుడు 1990లలో ఇంగ్లీషు మాటల్నే ఇలా చదరాల్లో పేర్చాడు. చూడగానే చైనీస్, నిదానించి చూస్తే ఇంగ్లీషు. తెలుగుకి ఈ పేర్పు కొత్తేం కాదు, ‘స్త్రీ’ చూడండి: పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు. ‘కాఫీ’కి ఒత్తు లేదు కాబట్టి పక్కపక్కన రాస్తే అడుగు బోసిగా ఉంటుంది. ‘కా’ పైన, ‘ఫీ’ కింద పెట్టి, ‘కా’ దీర్ఘాన్ని కుడి అంచు వెంట కిందికి లాగమనండి. ‘ఫ’ అడుగు గీత చదరం చివరిదాకా దిగితే సరిపోతుంది. ఎవరూ తడుముకోకుండా చదవగలరు.

మరొకరు: ఆ ‘నోరు’ని పూర్తిగా వదిలేయకండి. 3,000 ఏళ్ళ కిందట ఎముకల మీద చెక్కిన రాతల్లో అది చదరం కాదు. అడుగు వంపు తిరిగి, పైన అడ్డగీతతో అచ్చం కప్పులా ఉంటుంది. ఎర్ర ముద్రలా ఓ మూల వేసుకోవచ్చు.

అడిగినవారు: తమ్ముడికి అది తెగ నచ్చింది. పిడి ఏ పక్కన పెట్టాలని అడుగుతున్నాడు.

జవాబు: పిడి పెడితే అది నోరు కాకుండా పోతుందండీ. దబరా అనుకోమనండి.