అప్‌డేట్: వ్యాసంలో బలమైన క్రియలు, ముందస్తు ప్రణాళిక

కోనసీమలో తొమ్మిదో తరగతికి తెలుగు బోధిస్తున్నాను. పిల్లల వివరణాత్మక వ్యాసాల్లో వాక్యాలన్నీ ‘చేయడం జరిగింది’ అని ముగుస్తున్నాయని, ప్రణాళిక లేకుండానే రాయడం మొదలుపెడుతున్నారని, దీన్ని ఎలా సరిచేయాలని లోగడ ఇక్కడి తోటి ఉపాధ్యాయులైన మిమ్మల్ని అడిగాను. ముందు ప్రణాళిక, తర్వాతే క్రియల దిద్దుబాటు అన్న మీ సలహానే పాటించాను.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు పొలానికి ఎలా చేరుతుందో ముందుగా పిల్లలను ఒకే వాక్యంలో చెప్పమన్నాను. ఆ తర్వాత వారు అంశాలను కార్యకారణ క్రమంలో పేర్చుకున్నారు: 1852లో పూర్తయిన పాత ఆనకట్ట అయినా, నేటి బ్యారేజీ అయినా నది నీటిమట్టాన్ని పెంచుతుంది; హెడ్ స్లూయిజులు (కాలువల మొదట్లో ఉండే తూములు) ఆ నీటిని తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్లిస్తాయి; పిల్లకాలువలు పొలాలకు పంచుతాయి; మురుగు కాలువలు మిగులు నీటిని సముద్రం వైపు తీసుకుపోతాయి. క్రమం కుదిరేసరికి క్రియలు చాలావరకు వాటంతటవే బలపడ్డాయి, ఎందుకంటే ప్రతి మెట్టులోనూ పనిచేసే కర్త స్పష్టంగా కనిపించాడు. ఎక్కడైనా ‘మళ్లించడం జరుగుతుంది’ అని మిగిలిపోతే, పక్కన ‘ఏది మళ్లిస్తుంది?’ అని మాత్రమే రాస్తున్నాను. పిల్లలే సరిదిద్దుకుంటున్నారు, అది నాకెంతో సంతోషాన్నిస్తోంది.

అయితే క్రియలు బలపడాలంటే ‘ఉంది’ని పూర్తిగా నిషేధించాలన్న సూచనతో నేను ఏకీభవించలేను. ధవళేశ్వరం రాజమహేంద్రవరానికి దిగువన ఉంది అని చెప్పడానికి ఆ మాటే సరిపోతుంది.

ముగింపు పేరా మాత్రం ఇంకా మొదటి పేరానే తిరిగి చెబుతోంది. మీ తరగతుల్లో దీన్ని ఎలా సరిచేస్తున్నారో దయచేసి తెలియజేయండి.