బావ ఉద్యోగం మానేసి సేవకు వెళ్తానంటున్నాడు, అక్క మాటకు విలువ లేదా?

గుంటూరు తమ్ముడు:
అందరికీ వందనాలు. మా బావ బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా చేసి పూర్తికాల సువార్త సేవకు వెళ్తానంటున్నాడు. ఏజెన్సీలో చిన్న సంఘం, అద్దె ఇల్లు, నెలకు ఇంత అని లేదు, కానుకల మీదే బతకాలి. పెద్దమ్మాయి పదో తరగతి. అక్క ఒప్పుకోవట్లేదు. "దేవుడు పిలిచాక భార్యను అడిగేదేముంది" అని ఏదో కన్వెన్షన్‌లో విన్నాడట, అదే పట్టుకు కూర్చున్నాడు. నేను మాట్లాడబోతే అవిశ్వాసినంటున్నాడు.

సిలువ సాక్షి:
బ్రదర్, నాగటి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూసేవాడు రాజ్యానికి పనికిరాడని ప్రభువే అన్నాడు. ఇల్లూ పిల్లలూ పొలాలూ విడిచినవాడికి నూరంతలని మార్కు 10లో ఉంది. అందరూ మీ అక్కలా లెక్కలేసుకుంటే మన తాతలకు సువార్త చెప్పేదెవరు? మిషనరీ డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో అమెరికా వదిలి మీ గుంటూరే వచ్చారు. 1930లో అక్కడే కన్నుమూశారు. ఆమె కట్టిన ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది.

బెరయ వాసి:
కుగ్లర్ గారికి పెళ్లి కాలేదు. ఆమె వదులుకున్నదంతా ఆమెదే. ఇక్కడ చూడాల్సింది ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ సంగతి. 1793లో ఆయన ఇండియాకు బయలుదేరుతుంటే భార్య డొరొతీ రానంది, అప్పుడామె గర్భిణి. సరే, నేను వెళ్తానన్నాడు. ప్రయాణం ఆలస్యమై మళ్లీ వచ్చి అడిగితే, చెల్లెలు తోడొస్తేనే అని చంటిబిడ్డతో ఓడెక్కింది. మరుసటేడే వాళ్ల ఐదేళ్ల కొడుకు పీటర్ జబ్బుచేసి పోయాడు. ఆమెకు మతి చలించింది, 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. ఆ ఏళ్లలోనే, 1801లో, కేరీ బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. 1814లో తెలుగు వ్యాకరణం కూడా వేశాడు, ఆ రుణం మనకూ ఉంది. కానీ మన సండే స్కూల్లో కేరీ కథ చెప్పేటప్పుడు డొరొతీ పేరు ఎన్నడైనా విన్నారా?

మార్కు 10 తీశారు కదా, కాస్త వెనక్కి, 7కు రండి. అమ్మానాన్నలకు చెందాల్సినదాన్ని 'కొర్బాను' అని దేవుడికి రాసేసేవాళ్లను ప్రభువు మెచ్చుకున్నాడా, చీవాట్లు పెట్టాడా? అక్క సుఖం బావ జేబులో డబ్బు కాదు, కానుక పెట్టెలో వెయ్యడానికి.

సిలువ సాక్షి:
అయితే కేరీ రాకుండా ఉండాల్సిందంటారు!

బెరయ వాసి:
రావద్దనలేదు. గర్భిణిని వదిలేసి ఓడెక్కడానికి సిద్ధపడ్డాడే, అది తప్పంటున్నాను.

పాస్టరమ్మ:
మగవాళ్లిద్దరూ అక్క తరఫున బాగానే మాట్లాడేస్తున్నారు. నేను పాస్టరుగారి భార్యను. మా ఆయన అడిగారు, నేను సరే అన్నాను. సుఖం తగ్గిన మాట నిజమే, దానికి నాకు బాధ లేదు. మందిరానికి ఏసీలు పెట్టించిన సంఘమే మా అబ్బాయి ఫీజు మాటెత్తితే "విశ్వాసంతో ఉండండి అమ్మగారూ" అంటుంది చూడండి, అక్కడ మండుతుంది. త్యాగం పాస్టరు ఇంటికే రాసిపెట్టారా? సువార్త చెప్పేవాళ్లు సువార్త వల్లే బతకాలని 1 కొరింథీ 9లో ఉన్నది విశ్వాసులు కూడా చదవాలి. తమ్ముడూ, ఆ సంఘ పెద్దలతో ఎవరైనా మాట్లాడారా? అద్దె ఎవరు కడతారు?

గుంటూరు తమ్ముడు:
లేదమ్మగారూ. అడగడమే అవిశ్వాసమంటాడు.

పాస్టరమ్మ:
పౌలు డేరాలు కుట్టుకుంటూ సేవ చేశాడని చెప్పు. పాప పరీక్షలయ్యేదాకా ఉద్యోగం ఉంచుకుని ఆదివారాలు వెళ్లి రమ్మను. నిజమైన పిలుపైతే అన్నాళ్లు ఆగలేదా?

సిలువ సాక్షి:
రోమా అధిపతి ఫేలిక్సు కూడా "సమయమైనప్పుడు పిలుస్తానులే" అనే పౌలును పంపేశాడు, అమ్మగారూ.

గుంటూరు తమ్ముడు:
ఇదంతా అక్కకు చదివి వినిపించాను. ఆ వైపే ఏదైనా బ్రాంచికి బదిలీ పెట్టుకోవచ్చు కదా, అప్పుడు నేనూ వస్తానంది. బావ ఇంకా ఏమీ అనలేదు.