వలలు వదిలేసింది ఒక్క మాటకేనా?

సండేస్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. మొన్న క్లాసులో ఒక పాప అడిగింది: "ముక్కూ మొహం తెలియని మనిషి రమ్మంటే నాన్నని పడవలో వదిలేసి వెళ్ళిపోతారా?" బైబిల్లో మార్కు సువార్త 1:16-20 చదువుతున్నాం. సీమోను, అంద్రెయ వల వేస్తున్నారు. యేసు పిలిచాడు, వెంటనే వెళ్ళారు. యాకోబు, యోహాను తమ తండ్రి జెబెదయిని దోనెలోనే విడిచారు. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

గోదారి గట్టు:
ముక్కూ మొహం తెలియనివాడేం కాదు సిస్టర్. యోహాను సువార్త 1వ అధ్యాయం చూడండి. అంద్రెయ అప్పటికే బాప్తిస్మమిచ్చే యోహాను శిష్యుడు. యేసు బస చేసిన చోటికి వెళ్ళి ఆ రోజు ఆయనతో గడిపాడు, తమ్ముడో అన్నో గాని సీమోనును వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి బాప్తిస్మమిచ్చే యోహాను ఇంకా చెరసాలలో పడలేదు (3:24). మార్కు చెప్పే పిలుపు అతణ్ణి పట్టుకెళ్ళిన తరువాతది (1:14). కాబట్టి పరిచయం ముందు, పిలుపు తరువాత.

పాత పుస్తకాలు:
అంత తేలిగ్గా అతకదు బ్రదర్. యోహాను సువార్తలో సీమోనుకు కేఫా (అంటే పేతురు) అన్న పేరు ఆ మొదటి రోజే వచ్చేసింది, వెంటనే కానా అనే ఊళ్ళో పెళ్ళికి శిష్యులు కలిసే వెళ్ళారు. మరి మళ్ళీ వల ఎందుకు పట్టారు? ఇంకోటి, సీమోను అత్తకు జ్వరం తగ్గిన సంగతి మార్కులో పిలుపు తరువాత ఉంది, లూకాలో పిలుపుకు ముందే ఉంది (4:38). లూకాకి కూడా ఈ పాప ప్రశ్నే తట్టి ఉంటుందని నా నమ్మకం. అందుకే స్వస్థత, రాశులకొద్దీ చేపలు చూశాకే వెళ్ళారని రాశాడు. మార్కుకి కారణాలు అక్కర్లేదు. ఆయనకి పిలిచినవాడి మాటే కారణం. నాలుగు సువార్తలనీ కలిపి ఒకే కథ చేస్తే మార్కు నోరు నొక్కినట్టే.

వలకారి ఇంటివాణ్ణి:
మాది చేపల వేట కుటుంబం. నీళ్ళలో వేసిన వలని ఎవరూ ఊరికే వదలరండి. వల అంటే అప్పు, ఇంటిల్లిపాదీ తిండి. ఆ ఖరీదు తెలియకుండా "వెంటనే" అన్న మాట చదవకూడదు. ముందే పరిచయం ఉన్నా ఆ ఖరీదు తగ్గదు. నాకైతే మార్కు మాటే బరువుగా అనిపిస్తుంది. అయినా పడవ అమ్మేశారని ఎక్కడా లేదు. యోహాను 21లో తిబెరియ సముద్రం మీద మళ్ళీ వేటకెళ్ళారు కదా.

గోదారి గట్టు:
కానా సంగతి ఒప్పుకుంటున్నాను, దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. అయినా గురువుతో కొన్నాళ్ళు తిరిగి ఇంటికొచ్చి మళ్ళీ పనిలో పడటం జరగనిదేం కాదు.

సండేస్కూల్ టీచర్:
మీ మాటలు చదివాక మళ్ళీ మార్కు తెరిచాను. జెబెదయి ఒంటరిగా లేడు, జీతగాళ్ళున్నారు (1:20). ఇన్నేళ్ళూ ఆ మాట దాటేసి చదివాను. ఇక మత్తయి 27:56లో, సిలువను దూరం నుంచి చూస్తున్న ఆడవాళ్ళలో జెబెదయి కొడుకుల తల్లి ఉంది. గలిలయ నుంచి ఆమె కూడా వెంట వచ్చింది. ఆదివారం ఆ పాపకి ముందు ఈ అమ్మ సంగతి చెబుతాను.