పదిహేడేళ్ళుగా ఒకే సంస్థలో ఉన్నాను, ఇప్పుడు మారితే ఏం నష్టపోతాను?

ప్రశ్న: మియాపూర్ వాసి

హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో క్యాంపస్ ఎంపిక ద్వారా చేరి, పదిహేడేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాను. మధ్యలో మంచి అవకాశాలు వచ్చినా, ఇంటి రుణం, పిల్లల చదువులు, తెలిసిన మనుషుల మధ్య పని అన్న కారణాలతో వదులుకున్నాను. ఇటీవల మా బృందంలోకి బయటి నుంచి వచ్చిన ఒకతను, నాకన్నా ఆరేళ్ళు తక్కువ అనుభవం ఉన్నవాడు, నాకన్నా ఎక్కువ జీతానికి చేరాడని తెలిసింది. అతనికి పని నేర్పే బాధ్యతను నాకే అప్పగించారు. ఇంతలో మరో సంస్థ ముప్పై శాతం పెంపుతో ఆఫర్ ఇచ్చింది.

మా నాన్నగారు ఆంధ్రా బ్యాంకులో క్లర్కుగా చేరి, అక్కడే మేనేజరుగా పదవీ విరమణ చేశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదన్నది ఆయన మాట. ఇన్నేళ్ళ సర్వీసుకు ఈ రోజుల్లో విలువ ఏమైనా మిగిలిందా? గ్రాట్యుటీ, పెన్షన్ వంటి వాటిలో నష్టపోతానా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఉద్యోగి, బాలానగర్

మీ నాన్నగారి మాటను తీసిపారేయకండి, అలాగని ఉన్నదున్నట్టుగా మీ సంస్థకు అన్వయించుకోకండి. నేను ఐటీఐ పూర్తికాగానే ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరి, అక్కడే రిటైరైనవాడిని. మా తరానికి విశ్వాసం ఎక్కువ, మీ తరానికి తక్కువ అని పొద్దున నడకకు వచ్చే మా మిత్రులు అంటుంటారు గానీ నేను ఒప్పుకోను. మమ్మల్ని కట్టి ఉంచిన ఏర్పాట్లు వేరు. క్వార్టరు, కర్మాగారం ఆసుపత్రి, క్యాంటీన్లో నామమాత్రపు ధరకు భోజనం, ఆడపిల్ల పెళ్ళికి ఉద్యోగుల సహకార సొసైటీ ఇచ్చే అప్పు, ఇవన్నీ సర్వీసును బట్టి అందేవి. సీనియారిటీ జాబితాను నోటీసు బోర్డుకు అంటించిన రోజున మా పేరు మీద వేలు పెట్టుకుని, పైన ఎందరున్నారో, వారిలో ఎవరు ఎప్పుడు రిటైరవుతారో లెక్కవేసుకుంటే, ఛార్జిమన్ (కార్మికులపై పర్యవేక్షకుడు) ఎప్పుడవుతామో ఇంచుమించు నెలతో సహా తెలిసిపోయేది. మధ్యలో వెళ్ళిపోయినవాడు కొత్త చోట ఆ జాబితా అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. అటువంటప్పుడు కదలకుండా కూర్చోవడంలో గొప్పేముంది? లోకజ్ఞానం ఉన్నవాడు ఎవడైనా అదే చేస్తాడు.

పైగా, కదిలినవారి వల్ల ఈ ఊరికి మేలే జరిగింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌కు ఇక్కడ బాలానగర్‌లో ఉన్న కర్మాగారంలో మందుల తయారీ నేర్చుకుని, బయటకు వచ్చి సొంత సంస్థలు పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన కె. అంజిరెడ్డి గారు కూడా అంతకుముందు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. ఉప్పు తిన్న విశ్వాసమంటూ వారంతా అక్కడే ఉండిపోయి ఉంటే, సంస్థ మూలనపడ్డప్పుడు వారి విద్య కూడా దానితోపాటే మూలనపడేది. చివరిదాకా ఉన్నవారికి దక్కింది వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ.

మీ నాన్నగారి బ్యాంకు సంగతే చూడండి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమై, 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆ పేరే లేకుండా పోయింది. పేరు పోయినా ఆయన పెన్షన్ నెలనెలా పడుతూనే ఉంటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల్లో చేరినవారికి ఆ పాత పెన్షన్ లేదు, వారిది ఎన్‌పీఎస్, అంటే జమ చేసిన సొమ్ము మీద వచ్చే రాబడిని బట్టి ఉండే పెన్షన్. మీ నాన్నగారిలా ఒకేచోట జీవితమంతా గడపమని ఆ పిల్లలను ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?

జవాబు: హెచ్ఆర్ మనిషి

జీతాల్లో ఈ తేడా ఎలా వస్తుందో నేను చెప్పగలను, రోజూ చూసే పనే కాబట్టి. లోపల ఉన్నవారి పెంపు ఏడాదికోసారి విభాగానికి కేటాయించే మొత్తం నుంచి రావాలి. అందులో మేనేజరు ఒకరికి ఎక్కువ ఇస్తే మరొకరికి కోత పెట్టాలి. కొత్తగా వచ్చేవారి జీతం మాత్రం ఆ నైపుణ్యానికి మార్కెట్లో అప్పుడున్న ధరను బట్టి, ప్రాజెక్టు అవసరాన్ని బట్టి ఖరారవుతుంది. ఈ రెండు పద్దులకూ పొంతన ఉండదు. మీ మీద ఎవరికీ చిన్నచూపు ఉండనక్కర్లేదు. ఎటూ పోడని తెలిసిన మనిషి కోసం బడ్జెట్ దాటి పైవారిని అనుమతి అడిగే ఓపిక ఏ మేనేజరుకూ ఉండదు.

2022 మార్చితో ముగిసిన త్రైమాసికంలో ఇన్ఫోసిస్ తన అట్రిషన్ (ఉద్యోగులు మానేసి వెళ్ళే రేటు) 27.7 శాతమని ప్రకటించింది. ఆ రోజుల్లో ఉద్యోగులదే పైచేయి. అదే ఏడాది సెప్టెంబరులో, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తూ దొరికిన 300 మందిని తొలగించామని విప్రో చెప్పింది. 2025 జూలైకి గాలి మారింది. టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగాలను తగ్గిస్తామని ప్రకటిస్తూ, ఆ కోత ప్రధానంగా మధ్య, పై స్థాయుల వారి మీద పడుతుందని చెప్పింది, అంటే ఏళ్ళ తరబడి పనిచేసి ఆ మెట్టుకు ఎదిగినవారి మీద. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నది ఇరుపక్షాలకూ వర్తిస్తుంది.

ఒక హెచ్చరిక. రాజీనామా పెట్టాక మీవాళ్ళు కౌంటర్ ఆఫర్, అంటే ఉండిపోతే జీతం పెంచుతామనే ఆఫర్, ఇవ్వవచ్చు. దాన్ని ఒప్పుకుని ఉండిపోతే, వచ్చే ఏడాది పెంపు సమయంలో 'ఈయనకు ఇప్పటికే ఇచ్చేశాం' అనే మాట వినవలసి వస్తుంది.

జవాబు: పీఎఫ్ లెక్కలు

అడిగిన ప్రశ్న గ్రాట్యుటీ, పెన్షన్ గురించి. దానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

చివరి నెల వేతనాన్ని (ప్రధానంగా మూల వేతనం, కరువు భత్యం) 26తో భాగించి, 15తోనూ, సర్వీసు సంవత్సరాలతోనూ హెచ్చవేస్తే వచ్చేదే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే మొత్తం. మీ ఆ వేతనం 60 వేలు అనుకుంటే, పదిహేడేళ్ళకు సుమారు 5 లక్షల 88 వేలు. అయిదేళ్ళు దాటారు కాబట్టి రాజీనామా చేసినా ఇది మీదే. గడిచిన ఏళ్ళన్నింటినీ చివరి జీతంతోనే హెచ్చవేస్తారన్నది ఇక్కడ కీలకం. ఇప్పుడు వెళ్తే ఈ పదిహేడేళ్ళ లెక్క 60 వేల దగ్గరే ఆగిపోతుంది. ఉండిపోయి, మూల వేతనం లక్షకు చేరాక వెళ్తే, ఇవే పదిహేడేళ్ళకు 9 లక్షల 80 వేలు వస్తాయి. ఒకే చోట నిలిచి ఉన్నందుకు మీకు దక్కే అదనపు లాభం ఆ నాలుగు లక్షల చిల్లర, అదీ ఎన్నో ఏళ్ళ తరువాత, 20 లక్షల పరిమితికి లోబడి. ముప్పై శాతం పెంపుతో ఆ మొత్తం ఎన్ని నెలల్లో వస్తుందో మీరే లెక్కవేసుకోండి. కొత్త చోట అయిదేళ్ళ గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు వచ్చే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్‌కు సంస్థతో పనిలేదు, సర్వీసుతోనే పని. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత ఖాతా సంఖ్య) ఒక్కటే ఉండి, సొమ్ము వెనక్కి తీసుకోకుండా బదిలీ చేసుకుంటే, ఎన్ని సంస్థలు మారినా సర్వీసు కలిసే వస్తుంది. నెలకు 15 వేల వేతన పరిమితి మీద పెన్షన్ లెక్కించేవారికి ముప్పై ఏళ్ళ సర్వీసుకు, ఇరవై ఏళ్ళు దాటినందుకు కలిపే రెండేళ్ళతో సహా, 58 ఏళ్ళ వయసులో వచ్చే పెన్షన్ నెలకు 6,857 రూపాయలు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు పాత 6,500 పరిమితి వర్తిస్తుంది కాబట్టి మీకు ఇంకాస్త తగ్గుతుంది.

జవాబు: గుంటూరు నుంచి

మా పెదనాన్న ఇక్కడి మిర్చి యార్డులో ఒకే కమిషన్ దుకాణంలో నలభై ఏళ్ళు గుమస్తాగా ఉన్నారు. నియామక పత్రం లేదు, పీఎఫ్ లేదు. షావుకారు ఇంట్లో పెళ్ళయితే వంటల దగ్గర నిలబడింది ఆయనే. ఆయన గుండె ఆపరేషనుకు అడగకుండానే డబ్బు కట్టింది షావుకారు. షావుకారు పోయాక కొడుకులు వాటాలు పంచుకుని దుకాణం ఎత్తేస్తే, చిట్టా ఆవర్జాలన్నీ అట్టపెట్టెల్లో సర్ది వారికి అప్పగించి ఇంటికి వచ్చేశారు. పెదనాన్న విశ్వాసం ఒక మనిషి మీద. రెండేళ్ళకోసారి మేనేజరు మారిపోయే చోట మీరు ఎవరికి విశ్వాసంగా ఉండాలో నాకైతే అర్థం కావడం లేదు.

జవాబు: సియాటిల్ తెలుగు

అందరూ వెళ్ళమనే ధోరణిలో ఉన్నారు కనుక ఒక్క మాట. మన హైదరాబాదు నుంచి వచ్చిన సత్య నాదెళ్ళ 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014లో దానికే సీఈఓ అయ్యారు. అయితే ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన ఒకే కుర్చీలో కూర్చోలేదు. వ్యాపార సాఫ్ట్‌వేర్, బింగ్, సర్వర్లు, క్లౌడ్ అంటూ విభాగాలు మారుతూ వచ్చారు. మీ సంస్థలోనే వేరే విభాగానికి మారే వీలుందేమో, అప్పుడు జీతం సవరిస్తారేమో అడిగి చూశారా?

ప్రశ్న అడిగిన మియాపూర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. విభాగం మారే విషయం నిరుడే అడిగాను. జీతం మారదని చెప్పారు. పీఎఫ్ లెక్కలు గారి జవాబును నాన్నగారికి చదివి వినిపించాను. 6,857 దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు. తరువాత తన పెన్షన్ ఎంతో చెప్పి, 'అయితే నీ ఇష్టం' అన్నారు. ఈ వారంలో రాజీనామా ఇస్తున్నాను. కౌంటర్ ఆఫర్ వచ్చినా ఒప్పుకోను. తొంభై రోజుల నోటీసు పీరియడ్ ముగిశాక పీఎఫ్ బదిలీలో జాగ్రత్తపడవలసింది ఏమైనా ఉందా?

జవాబు: పీఎఫ్ లెక్కలు

పాత సంస్థ మీ ఎగ్జిట్ తేదీని (ఉద్యోగం వదిలిన తేదీ) ఈపీఎఫ్ఓ (పీఎఫ్ నిర్వహించే సంస్థ) పోర్టల్‌లో నమోదు చేసిందో లేదో చూసుకోండి. అది లేకపోతే బదిలీ ముందుకు సాగదు. వారు చేయకపోతే, చివరి చందా జమ అయిన రెండు నెలల తరువాత మీరే ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చు. అది చివరి చందా జమ అయిన నెలలోని తేదీయే అయి ఉండాలి.